గుంటల సుగియేకి సొంత గుంట

అసుక చుట్టుపక్కల ఎవరైనా నేలలో ఒక గుంజ పాతాలనుకుంటే ముందు పురావస్తు తవ్వకాల ఆఫీసుకి కబురు పెట్టాలి. అంతకు ముందెప్పుడైనా అక్కడ ఎవరైనా గుంజ పాతారేమో వాళ్ళొచ్చి చూసి చెబుతారు. పాత రాజధానుల నెత్తిన కాపురం పెట్టుకున్న ఊళ్ళు మరి. వంటింటి గోడ జరపాలన్నా, కారుకి షెడ్డు వేసుకోవాలన్నా, పదమూడు వందల ఏళ్ళ కిందటి వాళ్ళెవరూ అడ్డం లేరని తేలాకే పని. అందుకే ఇక్కడి జనం శంకుస్థాపనకన్నా ముందు ఇంకో మొక్కు మొక్కుకుంటారు. ఏమీ బయటపడకూడదు, మట్టి తప్ప ఏమీ కనబడకూడదు, ఆఫీసు వాళ్ళు ఓ పూట గోకి, తలూపి, వెళ్ళిపోవాలి.

ఈ మొక్కు మొక్కని మనిషి ఊరి మొత్తానికి ఒక్కతే. పేరు సుగియే. అరవై దాటింది. పెర్సిమన్ పళ్ళ తోట రైతు తొకుజోకి భార్య. వెనకాల అందరూ ఆవిణ్ణి గుంటల సుగియే అనేవాళ్ళు. ముందర కూడా అనేవాళ్ళు, ఆవిడకి కోపం రాదు కాబట్టి.

ఎక్కడ తవ్వినా, పని అయ్యాక, తిరిగి పూడ్చేసే ముందు, ఒక్క రోజు జనాన్ని పిలిచి చూపించడం ఇక్కడి ఆనవాయితీ. ఆ ఒక్క రోజూ తప్పిందంటే ఇక అంతే, మర్నాడు అక్కడ మామూలు చేను ఉంటుంది. ఆ రోజు వచ్చిందంటే సుగియే కాలు నిలవదు. పొద్దున్నే లేచి, పెర్సిమన్ ఆకుల్లో చుట్టిన చేప సుషీ డబ్బాలో సర్దుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, గుడ్డ టోపీ పెట్టుకుని, సైకిలెక్కేది. నారా నగరం వైపైనా సరే, కాషిహారా వైపైనా సరే. అక్కడ వరసలో ఆవిడలాంటివాళ్ళే బోలెడుమంది. అందరిలోకీ దగ్గరివాడు హిరాఓ అనే పెద్దాయన. ఒకప్పుడు రైలు డ్రైవరు. జనం తలకాయల మీంచి ఫొటో తీయడానికి మడత నిచ్చెన ఒకటి భుజాన వేసుకుని తిరిగేవాడు. ఆ నిచ్చెన అరువిచ్చి చాలామందిని స్నేహితుల్ని చేసుకున్నాడు.

సుగియేలో ఒక్కటే లోపం. నోరు కట్టుకోలేదు. గుంట దగ్గర నిలబడి చెప్పాల్సిన ఆఫీసు వాళ్ళు నోరు తెరవకముందే, వరసలో వెనకున్నవాళ్ళకి అదేమిటో ఈవిడే చెప్పేసేది. సగం సార్లు సరిగ్గానే చెప్పేది. మిగతా సగం సార్లు, ఏమిటో తెలియకపోతే, "పూజకి వాడి ఉంటారు" అనేది. ఆ మాట ఆవిడ సొంతం కాదు. తెలియనిదేదైనా దొరికితే చదువుకున్నవాళ్ళు కూడా అదే అంటారని ఇన్నేళ్ళలో కనిపెట్టింది.

ఈ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. సుగియే యొషినో కొండల్లోంచి ఈ ఊరికి కోడలై వచ్చింది. కొత్తకాపురం రోజుల్లో ఓ రోజు అత్తగారు టోఫు తెమ్మని పంపితే, దారిలో ఒక పొలం గట్టు మీద పెద్ద వరస కనబడింది. అంత వరస ఉందంటే ఏదో చవగ్గా ఇస్తున్నారనే కదా అర్థం. ఏమిస్తున్నారని అడగడం నామోషీగా తోచి, తనూ వెళ్ళి చివర నిలబడింది. ముందుకు జరిగి జరిగి, చివరికి చూస్తే ఒక గొయ్యి. గొయ్యి అడుగున పాతకాలపు వరిమడి. ఆ మడిలో కాలి గుర్తులు.

పెద్దవాళ్ళవి కొన్ని, ఎద్దు గిట్టలు కొన్ని. వాటి పక్కన చిన్న పాదాలు. ఒకచోట ఆ పిల్లో పిల్లాడో జారినట్టున్నారు, మడమ గుర్తు సాగిపోయి, బొటనవేలు లోతుగా దిగబడింది. పదమూడు వందల ఏళ్ళ కిందటి జారుడు అది. సుగియేకి ఒళ్ళు ఝల్లుమంది. ఆ పొద్దునే, తుడిచిన నేల మీద మట్టికాళ్ళతో తిరిగావంటూ అత్తగారు నానా తిట్లూ తిట్టి పంపింది. ఇంట్లో తిట్లు పడే గుర్తులకి ఇక్కడ ఊరంతా వరస కట్టింది. ఆవిడకి నవ్వొచ్చింది. టోఫు సంగతి మర్చిపోయి ఇంటికెళ్ళి మళ్ళీ తిట్లు తింది. అయినా ఆ రోజంతా ఆవిడ మొహం వెలిగిపోతూనే ఉంది.

అప్పణ్ణించీ మొదలు. అత్తగారు పోయారు, కూతురు పెద్దదైంది, సైకిళ్ళు మూడు మారాయి, గుంటలు మాత్రం మానలేదు.

తొకుజో ఏనాడూ ఒక్కదానికీ వెళ్ళలేదు. వద్దనీ అనలేదు. గడప దగ్గర కూచుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న పెళ్ళాన్ని చూసి ఏదో ఒకటి అనకుండా మాత్రం ఉండేవాడు కాదు.

"ఇవాళ ఏ గొయ్యి?"

"గొయ్యి కాదండీ, కాలవ. రాళ్ళు పరిచిన కాలవ."

"మన తోట వెనక కూడా కాలవ ఉంది. రెండేళ్ళుగా పూడిక తియ్యమంటున్నాను. దాన్ని చూడ్డానికి ఒక్క రోజూ డబ్బా కట్టుకుని వెళ్ళలేదు నువ్వు."

"అది మీరు తవ్వించింది. అందులో ఏముంటుంది?"

"వెయ్యేళ్ళు ఆగి రా, అప్పుడు బాగుంటుంది" అని తొకుజో పేపర్లో తల దూర్చేవాడు.

ఇలా సాఫీగా సాగిపోతున్న ఇంట్లో కూతురు మినోరి ఒక పని తలపెట్టింది. ముప్పై నాలుగేళ్ళ పిల్ల. ఒసాకాలో బట్టల కంపెనీలో పనిచేసి, ఆ ఉద్యోగం మీద విసుగు పుట్టి, ఒక ముసలి అద్దకంవాడి దగ్గర చేరి పని నేర్చుకుంది. పెర్సిమన్ కాయలు పచ్చిగా ఉండగానే కోసి, దంచి, పిండి, ఆ వగరు రసాన్ని పులియబెడితే బట్టకి మంచి ఇటుక రంగు వస్తుంది. ఎండలో ఆరినకొద్దీ ముదురుతుంది. ఇంట్లోనే తోట ఉంటే కాయలు వేరే ఊళ్ళో కొనడమేమిటని, నాన్నని అడిగి, తోట చివర ముక్కలో అద్దకం షెడ్డు కట్టుకుంటానంది. తొకుజో సరేనన్నాడు. తను పెంచిన చెట్లు తనే కొట్టి ఆ ముక్క చదును చేశాడు. తొట్లు కూడా వచ్చేశాయి. పసుపు తాళ్ళతో కట్టి, నీలం పట్టా కప్పి, చేలో ఓ మూల పెట్టారు.

ఒక్కటే తిరకాసు. పచ్చికాయ ఆగస్టులో ఉన్నట్టు సెప్టెంబరులో ఉండదు. కాయ ముదిరితే వగరు తగ్గిపోతుంది, ఇక ఆ ఏడాదికి అంతే సంగతులు. ఆగస్టుకి షెడ్డు లేవాలి. లేవాలంటే కింద ఏమీ ఉండకూడదు.

ఆఫీసు వాళ్ళు వస్తామన్న రోజు ముందర సాయంత్రం తొకుజో పోయిన పెద్దల పీఠం ముందు కూచుని, అగరొత్తులు వెలిగించి, గంట కొట్టి, చేతులు జోడించాడు. మినోరి కూడా జోడించింది. సుగియే కూడా జోడించింది. లేచాక మినోరి తల్లి వంక అదోలా చూసింది.

"అమ్మా, నువ్వేం మొక్కుకున్నావ్?"

"అదేంటే, అందరం ఒకటే కదా."

"నీ మొహం చూస్తే అలా లేదు. లాటరీ కొన్నవాళ్ళలా ఉంది."

సుగియే పళ్ళేలు తీసే పని కల్పించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ నిజంగానే ఏమీ మొక్కుకోలేకపోయింది. కూతురి షెడ్డు లేవాలనీ ఉంది. తన చేలో ఒక్కటంటే ఒక్కటైనా కనబడాలనీ ఉంది. రెండూ ఒకేసారి అడిగితే దేవుడికి కూడా చిరాకేస్తుందని ఊరుకుంది.

ఫిబ్రవరి మంచులో తవ్వకం మొదలైంది. వచ్చిన ఆఫీసరు ఉరాతా అనే అమ్మాయి, మినోరి కన్నా చిన్నది. ఎండకి కమిలిన బుగ్గలు, నెత్తిన తెల్ల హెల్మెట్. సుగియేని వరసల్లో చాలాసార్లు చూసిన పిల్లే.

"సుగియే గారూ, మీ చేనే అని తెలుసు. అయినా తాడు దాటి లోపలికి రాకూడదండీ."

"నాకు తెలీదా అమ్మా. గట్టు మీదే కూచుంటాను. టీ మాత్రం తీసుకోండి."

గట్టు మీద కూచుంది. కూచుందంటే మాట వరసకే. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తూ, మెడ సాచి చూస్తూ, మధ్యాహ్నం భోజనానికి కూడా పిలిస్తే గానీ రాలేదు. మినోరి తన తొట్ల పక్కన నిలబడి తల్లినీ గోతినీ మార్చి మార్చి చూసేది.

రెండో రోజు మధ్యాహ్నం రాళ్ళు కనబడ్డాయి. గుండ్రంగా, ఒద్దికగా పేర్చిన రాళ్ళు. నడుమ నల్లటి తడి మట్టి. సుగియే ఇంట్లోకి పరిగెత్తి హిరాఓకి ఫోన్ చేసింది. పెట్టేసిన కాసేపట్లోనే హిరాఓ నిచ్చెనతో సహా వచ్చేశాడు, వెంట మరో ముగ్గురు. వాళ్ళందరికీ గట్టు మీంచే సుగియే చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ రాళ్ళు చూశారా, ఎంత పద్ధతిగా పేర్చారో. మామూలు బావి కాదు, అంత లోతు లేదు. ఇక్కడ నీళ్ళకి పూజ చేసేవాళ్ళు. అంతఃపురం నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, వంగి మొక్కుకుని వెళ్ళేవాళ్ళన్నమాట."

"ఇప్పుడే ఏమీ చెప్పలేమండీ" అంది ఉరాతా కింద నించి.

"చెప్పకండి, చెప్పకండి. మీ పద్ధతి మీది" అంది సుగియే.

హిరాఓ నిచ్చెన దిగి టోపీ తీశాడు. మిగతా ముగ్గురూ తీశారు. సుగియే కూడా తీసింది. సరిగ్గా అప్పుడే కొమ్మలు కత్తిరించే కత్తెర భుజాన వేసుకుని తొకుజో అటు వచ్చాడు. టోపీలు తీసి నిలబడ్డవాళ్ళందరినీ ఒకసారి చూశాడు. గోతిలోకి చూశాడు.

"ఎవరైనా పోయారా?"

"ష్. నీళ్ళ పూజ చేసిన చోటు" అంది సుగియే.

తొకుజో ఇంకాస్త వంగి చూశాడు. కత్తెర కింద పెట్టాడు. ఇంతలో ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

"అది మా తాత పెంట గుంట" అన్నాడు. "ఊరందరి దొడ్లలోదీ కావిళ్ళతో మోసుకొచ్చి ఇందులో మగ్గబెట్టి చేలకి పోసేవాడు. నాకు అయిదేళ్ళప్పుడు తూనీగ వెంట పరిగెత్తి నడుం దాకా పడ్డాను. మా అమ్మ వారం రోజులు పక్కలో పడుకోనివ్వలేదు."

గోతిలో పారలు ఆగిపోయాయి. ఉరాతా మొహం తిప్పుకుంది గానీ హెల్మెట్ వణుకుతూనే ఉంది. హిరాఓ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

"వంగి మొక్కుకునేవాళ్ళన్న మాట మాత్రం నిజమే" అన్నాడు తొకుజో. "ముక్కు మూసుకుని వంగేవాళ్ళు."

సుగియే చెవుల దాకా ఎర్రబడింది. ఇన్నేళ్ళ పరువు ఒక్క పెంట గుంటలో కలిసిందని మనసులో తిట్టుకుంది. మినోరి మాత్రం నవ్వి నవ్వి కూలబడి, "పోన్లే అమ్మా, దీనికైతే షెడ్డు ఆగదు" అంది. అంత సంతోషం ఆ పిల్ల మొహంలో చూసి చాలా రోజులైంది. సుగియే కూడా నవ్వేసింది. లోపల ఎక్కడో ఉస్సూరుమంది కానీ.

మర్నాడు ఆవిడ గట్టు మీదకి వెళ్ళలేదు. వంటింట్లో ముల్లంగి తరుగుతూ కూచుంది. పదిన్నరప్పుడు ఉరాతాయే పెరటి తలుపు దగ్గరికొచ్చి పిలిచింది.

"సుగియే గారూ, ఒకసారి వస్తారా? తాడు దాటి రావచ్చు."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడతో ఎవరూ అనలేదు. కత్తి పలక మీదే వదిలేసి, ఏప్రాన్‌తోనే పరిగెత్తింది.

పెంట గుంట మట్టంతా తోడేశారు. దాని పక్క గోడలో, రాళ్ళ వెనకాల, మట్టి రంగు మారింది. చుట్టూ పసుపు మట్టి, నడుమ బూడిద రంగు ముక్క, గీత గీసినంత నిటారుగా.

"మీ ఆయన తాతగారు ఇది తవ్వినప్పుడు ఇంకా పాత గుంటనొకదాన్ని నరికేశారు" అంది ఉరాతా. "చాలా పెద్ద గుంట. నలుపలకలుగా ఉంది. స్తంభం నిలబెట్టడానికి తవ్వింది."

సుగియే మోకాళ్ళ మీద కూలబడింది. నిన్నటి అవమానం దెబ్బకి ఈసారి నోరు తెరవలేదు. వేలు మాత్రం చాచి, కొంచెం అవతలగా నేల చూపించి, ఉరాతా వంక చూసింది. ఒకటి ఉంటే రెండోది కూడా ఉండాలి, అది అటువైపే ఉండాలి. ఉరాతా తలూపింది. ఇద్దరు పనివాళ్ళు పారలతో పైమట్టి గోకడం మొదలుపెట్టారు. సన్నటి పొరలు పొరలుగా లేస్తోంది మట్టి. పసుపు, పసుపు, పసుపు. తర్వాత ఒక బూడిద మూల.

"ఉంది" అంది ఉరాతా.

సుగియే ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఊగిపోయారు. సాయంత్రానికి వరసగా ఇంకొన్ని బయటపడ్డాయి, ఒకదానికొకటి ఒకే ఎడంలో. ఒక్కొక్క గుంట నడుమా గుండ్రటి ముదురు మచ్చ, స్తంభం కుళ్ళిపోయి మట్టైన చోటు. అంత లావు స్తంభాలు మామూలు ఇళ్ళకి వెయ్యరు. ఏదో పెద్ద భవనమే ఒకప్పుడు ఇక్కడ లేచింది. చెట్లు నాటక ముందు తన అత్తగారు ముల్లంగి వేసిన చోట, తను బట్టలు ఆరేసిన చోట. సుగియే ఆనందం పట్టలేక గట్టు ఎక్కి దిగి, దిగి ఎక్కింది. ఎక్కినప్పుడు తొట్ల దగ్గర నిలబడ్డ మినోరి కనబడింది. పిల్ల నవ్వడానికి ప్రయత్నిస్తోంది. స్తంభాల వరస సూటిగా ఆ తొట్ల వైపే పోతోంది.

సుగియే మళ్ళీ గట్టు దిగలేదు.

ఆ సాయంత్రం ఉరాతా ఇంట్లోకి వచ్చి, బల్ల ముందు మోకాళ్ళ మీద కూచుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రెండు దారులున్నాయి. తవ్వినచోట శుభ్రమైన ఇసుక పరిచి పూడ్చి, చేనంతా మట్టితో ఎత్తు చేసి, ఆ మట్టి మీదే పునాది వేసుకుంటే కింది గుంటలకేమీ కాదు, షెడ్డు ఆగస్టుకి లేస్తుంది. కాకపోతే మిగతా సగం ఏముందో ఎవరూ చూడరు, ఆ షెడ్డు ఉన్నన్నాళ్ళూ. లేదూ, ఇంటివాళ్ళు సరేనంటే చేనంతా తవ్వుతారు. ఆ భవనం ఎంత పొడుగో, గుమ్మం ఎటుందో మొత్తం తెలుస్తుంది. అది పూర్తయ్యేసరికి మళ్ళీ చలికాలం వచ్చేస్తుంది.

"బలవంతమేమీ లేదండీ. మీరే అనుకుని చెప్పండి" అని టీ తాగి వెళ్ళిపోయింది.

ముందు మినోరియే అంది.

"ఒక్క ఏడాదే కదా అమ్మా. తవ్వించు. కాయలు వచ్చే ఏడు కూడా కాస్తాయి."

"మరి ఈ ఏడు ఏం చేస్తావే? ఉద్యోగం మానేశావు."

"ఎక్కడో చూసుకుంటాను. నువ్వు నా చిన్నప్పణ్ణించీ పరాయివాళ్ళ గుంటలు చూసొచ్చి మాకు కథలు చెప్పావు. సొంతానికి ఒకటి దొరికితే సగమే చూస్తావా?"

సుగియేకి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. తవ్విద్దాం అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. కూతురి చేతులు బల్ల మీద ఉన్నాయి. గోళ్ళ చుట్టూ ఇటుక రంగు, ఎంత తోమినా పోని రంగు. నిరుడు ఆ ముసలి అద్దకంవాడి దగ్గర పట్టిన రంగు అది.

"ఏవండీ, మీరేమంటారు?" అంది.

"నాకేం తెలుసు. నేను పెంట గుంట దాకా చెప్పగలను" అన్నాడు తొకుజో. తర్వాత, ఊరగాయ ముక్క నములుతూ, "చూపించే రోజు రానీ. అప్పుడు చెప్పొచ్చు" అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఆకాశం కడిగినట్టు ఉంది. పొద్దున్నే చేను చుట్టూ వరస సాగింది. సుగియే డబ్బా సర్దుకుంది, ఫ్లాస్కు నింపుకుంది, గుడ్డ టోపీ పెట్టుకుంది. పెరటి తలుపు తీస్తే చేను అక్కడే ఉంది. ఆవిడ వీధి గుమ్మంలోంచి బయటికెళ్ళి, ఊరంతా చుట్టి, వరస చివర నిలబడింది.

"ఇదేంటి తల్లీ, నీ చేనేగా" అన్నాడు ముందు నించి హిరాఓ.

"వరస వరసేనండీ" అంది.

ఒళ్ళు పులకరిస్తోంది ఆవిడకి. ముందున్నవాళ్ళ వీపులు చూస్తూ ఒక్కో అడుగు జరగడం, మాటలు లీలగా వినబడడం, ఇంకా కనబడదేమని మునివేళ్ళ మీద లేవడం, అన్నీ ఎప్పటిలాగే. వెనకున్న కొత్త జంట ఆవిణ్ణి అడిగారు, ఇక్కడేం దొరికిందండీ అని. సుగియే నోరు తెరిచి, మూసి, "ఆ అమ్మాయి చెబుతుంది, వినండి" అంది. అంత కష్టమైన మాట ఆవిడ జీవితంలో ఆడలేదు.

ఉరాతా మైకులో చెప్పాల్సిందంతా చెప్పి, చివర్న ఇలాంటి రోజుల్లో చేసే పని చేసింది. భవనం ఎంత ఉండేదో కళ్ళకి కట్టాలంటే స్తంభాలు కావాలి. స్తంభాలుగా నిలబడ్డానికి జనంలోంచి మనుషుల్ని పిలిచింది. ఒక్కో గుంటలో ఒక్కరు దిగి నిటారుగా నిలబడాలి. హిరాఓ దగ్గరున్నదాంట్లోకి దూకాడు. కొత్త జంట చెరోదాంట్లోకీ దిగారు. అన్నీ నిండాయి, ఒక్కటి తప్ప. పెంట గుంట కొరికేసిన ఆ మొదటి స్తంభం గుంటలోకి ఎవరూ దిగలేదు. సంగతి అప్పటికే వరసంతా పాకింది.

జనం వెనక నించి తొకుజో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా పెళ్ళిళ్ళకి తప్ప తీయడని సుగియేకి తెలుసు.

"తప్పుకోండి, అది మా వంశపారంపర్యం" అంటూ దిగి, చేతులు ఒంటికి అంటించుకుని, గడ్డం ఎత్తి నిలబడ్డాడు.

జనం నవ్వుతూ చప్పట్లు కొట్టారు. ఏ గుంట మొహమూ చూడని మొగుడు గుంటలో స్తంభమై నిలబడితే సుగియేకి కళ్ళు చెమర్చాయి.

"తర్వాతి స్తంభం ఉంటే, ఆ గడ్డి మీద ఉండాలి" అని ఉరాతా తవ్వని వైపు చూపించింది. "ఉందో లేదో తెలీదు."

ఎవరూ అడగకముందే సుగియే వెళ్ళి ఆ గడ్డి మీద నిలబడింది. కాళ్ళ కింద మామూలు నేల. ఎదురుగా వరస. మొగుడు, హిరాఓ, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, అందరూ ఊపిరి బిగబట్టి ఒకే గీత మీద. ఆ తలల మీద పైకప్పు ఆవిడకి స్పష్టంగా కనబడింది. చూరు ఎంత ముందుకి వచ్చేదో కూడా కనబడింది. వెనక్కి తిరిగితే, రెండడుగుల దూరంలో, నీలం పట్టా కింద తొట్లు. వాటి మీద ఎండుటాకులు పేరుకున్నాయి. పక్కన మినోరి, జనానికి పంచడానికి తెచ్చిన టీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"ఉరాతా గారూ" అంది సుగియే. "ఇసుక పొయ్యండి."

"అమ్మా" అంది మినోరి.

"నాకు చూడాలనే ఉందే. చచ్చేంత ఉంది. ఇప్పుడు కూడా గోళ్ళతో గోకేయాలనుంది" అంది సుగియే. "కానీ నేను ఇన్నేళ్ళూ చూసినవన్నీ పనిలో ఉన్నవాళ్ళ గుర్తులే. ఆ మడిలో జారిన పిల్ల కూడా పని మీదే జారింది. మన పని మనం చేసుకోవాలి. మట్టి కిందది ఎక్కడికీ పోదు. ఆగస్టు కాయ ఆగదు."

మినోరి పళ్ళెం గడ్డి మీద పెట్టి, వచ్చి తల్లి పక్కన నిలబడింది. గుంటలో నించి తొకుజో, మెడ తిప్పకుండానే, "ఇంక కదలొచ్చా? కాళ్ళు తిమ్మిరెక్కాయి" అన్నాడు.

పూడ్చే రోజు లారీలో తెల్లటి ఇసుక వచ్చింది. ఎప్పుడో మళ్ళీ తవ్వేవాళ్ళకి ఇంతవరకూ ఒకసారి చూశారని తెలియడానికి ముందు ఇసుక పోస్తారు. అడుగున ఆ ఏటి అంకె ఉన్న నాణెం ఒకటి వేయడం ఉరాతా వాళ్ళ అలవాటు. ఆ పని సుగియేకిచ్చింది. సుగియే పెంట గుంట పక్కన గుంటలోకి దిగి, కొత్త పది యెన్ల బిళ్ళని స్తంభం మచ్చ నడుమ పెట్టింది. లేవబోతుంటే తొకుజో గట్టు మీంచి చెయ్యి చాచాడు. చేతిలో గ్లాసు. ముందు రాత్రి తాగేసిన బియ్యం సారా, సాకే, గ్లాసు, అంగట్లో మూతతో అమ్మేది.

"ఇది కూడా పెట్టు."

"ఇదెందుకండీ? చెత్త వేశామనుకుంటారు."

"అనుకోరు. వెయ్యేళ్ళ తర్వాత ఎవరో తవ్వుతారు, ఒక రోజు జనాన్ని పిలుస్తారు. ఆ వరసలో నీలాంటిదొకతి తప్పకుండా ఉంటుంది, గుడ్డ టోపీ పెట్టుకుని. దీన్ని చూసి, వెనకున్నవాళ్ళందరికీ చెబుతుంది, పూజకి వాడిన పాత్ర అని."

సుగియే పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. నీలాంటిదొకతి అన్నాడాయన. ఆ ఆడమనిషి ఎవరో, ఏ ఊరి కోడలో, ఏం కొనడానికి బయల్దేరి ఏం మర్చిపోయి ఆ వరసలో నిలబడుతుందో గానీ, సుగియేకి ఆవిడ మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

గ్లాసుని ఏప్రాన్ అంచుతో తుడిచి, నాణెం పక్కన నిలబెట్టింది. కొంచెం ఒరిగినట్టుంటే మళ్ళీ సరిచేసింది. ఉరాతా చూసీ చూడనట్టు అటు తిరిగింది. సుగియే మొగుడి చెయ్యి పట్టుకుని పైకెక్కాక, ఇసుక పోయడం మొదలుపెట్టారు.